తడి పాదాలు, తూట్ల గొట్టం

పొద్దున్నే లేవగానే పెద్దాయన చేసే మొదటి పని వంగి నేల చూడటం. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. అప్పటికే ఇంటావిడ లేచి, పెరటి గుమ్మం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి నీళ్ళ తొట్టి దాకా నాలుగుసార్లు తిరిగి ఉంటుంది. గచ్చు మీద ఆవిడ అడుగులు తడితడిగా పడి ఉంటాయి. వాటిని చూసి ఆ రోజు పొలానికి నీళ్ళు పెట్టాలో వద్దో ఆయన తేల్చుకుంటాడు.

అది చదవడం పెద్ద విద్యేం కాదు. వేళ్ళూ, మడమా, మధ్యలో వంపూ అన్నీ కలిసిపోయి చిన్న మడుగులా పడితే మడి నిండుగా ఉన్నట్టు. వంపు దగ్గర గచ్చు కనిపిస్తోందంటే నీళ్ళు తగ్గుతున్నాయని. వేళ్ళు కూడా మాయమై ఒట్టి మడమ ఒక్కటే పడిందంటే ఇక కూర్చోవడానికి లేదు, పార భుజాన వేసుకుని పరిగెత్తాల్సిందే. పెళ్ళై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ కాళ్ళు అంతే. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. కొందరికి అరచేతులు చెమటపడతాయి, కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఈవిడకి పొలంలో తడి కాళ్ళలోకి వస్తుంది.

ఆ వరస పొలాలన్నిటికీ నీళ్ళు ఒకే మోటారు నుంచి రావాలి. దాన్ని చూసుకునే మోటారాయన రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసేవాడు.

"ఎలా ఉన్నాయి వదినా ఇవాళ?"

"ఏవి? నా కాళ్ళా, మీ అన్న పొలమా?"

"రెండూ ఒకటేగా!"

"ఒకటే అయితే మీ అన్నని నా కాళ్ళకి కూడా ఎరువు వెయ్యమను. పగిలి చస్తున్నాయి."

"ఆ పొదుపు మనిషా? పొలానికే చిటికెడు చిటికెడు వేస్తాడు."

పెద్దాయన ఈ మాటలు విననట్టే ఉండేవాడు. ఆయనకి తెలిసింది ఒక్కటే. మడి ఎప్పుడూ నిండుగా ఉండాలి. వంపు దగ్గర గచ్చు కాస్త కనిపించినా చాలు, గట్టుకి పెట్టిన మడవ తీసి నీళ్ళు నింపేసేవాడు. ఆయన మడి మోటారుకి దగ్గర్లో ఉంది. ముందు ఆయనది నిండేది, తర్వాతే మిగతావాళ్ళది.

దానికి ఆయన లెక్క ఆయనకుంది. ఎప్పుడో ఒక కరువేడు మోటారు ఒట్టి గాలి కక్కింది. మడి ఎండి పెంకు కట్టింది. ఇంట్లో ఆవిడ అడుగులు రోజురోజుకీ సన్నగిల్లి, చివరికి మడమ చుక్క ఒక్కటి మిగిలింది. అప్పుడు ఆవిడ మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలకలేదు. వాన పడ్డాకే లేచింది. కాళ్ళు పూర్తిగా ఆరిపోతే ఆవిడ ఇక తనకి దక్కదని ఆ ఏడు ఆయన తేల్చుకున్నాడు. ఈ సంగతి ఆవిడతో అనలేదు. అలాంటి మాటలు ఎలా మొదలుపెట్టాలో ఆయనకి తెలియదు. అందుకని మాటలు మానేసి మడి నింపుతూ వచ్చాడు.

ఇదిలా ఉండగా వానల వరస మారిపోయింది. రావాల్సినప్పుడు రావు, కోత కోసి పనలు ఆరబెట్టుకున్నప్పుడు వస్తాయి. ఎండలు ముందే మొదలై ఆలస్యంగా పోతున్నాయి. మోటారు పొద్దున గట్టిగా పోసి మధ్యాహ్నానికి దగ్గుతోంది. చివరి మళ్ళవాళ్ళు గట్టు మీద నిలబడి పెద్దాయన మడి వంక చూసే చూపు కూడా మారింది.

ఒకరోజు కూతురు రైతుల మీటింగుకి వెళ్ళి ఒక గొట్టం పట్టుకొచ్చింది. ఆ ఇంట్లో పొలం పని సగం ఆయనది, సగం కూతురిది. పెత్తనం మాత్రం ఎవరికి వారే తమదనుకుంటారు. గొట్టం మూరకన్నా తక్కువ పొడుగుంది. సగం వరకూ చుట్టూ తూట్లున్నాయి.

"ఇదేంటే, తూట్లు పడిన గొట్టం ఎవడైనా బయట పారేస్తాడు, నువ్వు ఇంట్లోకి తెచ్చావు?"

"తూట్లు పడలేదు నాన్నా, కావాలనే పెట్టారు. పొలంలో పాతాలి."

"ఎందుకూ? మొలుస్తుందా?"

"రేపు సలహాలమ్మ వస్తుంది, ఆవిడ్నే అడుగు."

సలహాలమ్మంటే వ్యవసాయ ఆఫీసులో పనిచేసే అమ్మాయి. స్కూటరు మీద ఊరూరూ తిరుగుతూ ఎవరడిగినా అడక్కపోయినా సలహాలు చెబుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. మర్నాడు వచ్చి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, గుమ్మంలోనే ఆగింది. గచ్చు మీద అడుగులు ఒకసారి చూసింది.

"వంపు మొత్తం నిండిపోయింది పెద్దాయనా. నీళ్ళు బాగా ఎక్కువున్నాయి."

"చూశావా, నీకూ తెలిసిపోయింది. ఇంక ఆ గొట్టం ఎందుకు?" అన్నాడాయన.

"అడుగులు మట్టి పైన నీళ్ళ సంగతి చెబుతాయి. గొట్టం లోపలి నీళ్ళ సంగతి చెబుతుంది. వరి ఎప్పుడూ నీళ్ళలోనే నిలబడి ఉండక్కర్లేదు. పైన ఆరనివ్వండి. సన్నగా నెర్రెలు వచ్చినా భయపడకండి. గొట్టంలోకి చూస్తూ ఉండండి. నీళ్ళు ఆరంగుళాల లోతుకి దిగాక మళ్ళీ పెట్టండి. వేరు నీళ్ళని వెతుక్కుంటూ లోపలికి దిగుతుంది, మోటారుకి కాస్త ఊపిరొస్తుంది. ఒక్క పొట్టకొచ్చినప్పుడు మాత్రం ఆరనివ్వకండి. అప్పుడు ఆరితే గింజ కట్టదు, తాలైపోతుంది."

"ఆరితే ఏమీ కాదంటావు?"

"మడికేం కాదు పెద్దాయనా."

ఆయన మడి గురించి అడగలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆవిడ కాళ్ళ వంక చూశాడు. వాటి కింద చిన్న మడుగు చేరింది.

"నా పొలంలో ఇలాంటివి కుదరవు," అన్నాడు.

"మన పొలం నాన్నా," అంది కూతురు. "మోటారు అందరిదీ. మనం మొదట్లో ఉన్నాం కదా అని మనమే నింపుకుంటే చివరి మళ్ళకి బురద కూడా వెళ్ళట్లేదు. వాళ్ళు మొహమాటానికి ఊరుకున్నారు. ఎన్నాళ్ళు ఊరుకుంటారు?"

"పాతనివ్వవయ్యా," అంది ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి. "గొట్టమేగా, కరుస్తుందా ఏంటి?"

ఇద్దరూ ఒకటయ్యాక ఆయన మొండితనం ఎక్కడ ఆనుకుని నిలబడాలి? మూతి ముడుచుకుని బయటికి పోయాడు. సాయంత్రానికి మడిలో, గట్టుకి కొంచెం ఎడంగా, గొట్టం పాతేశారు. తూట్లున్న సగం మట్టిలోకి దిగింది, మిగతా సగం పైకి నిక్కి చూస్తోంది.

ఆ రోజు నుంచి నీళ్ళ పెత్తనం కూతురిది. పెద్దాయన మడవ దగ్గరికి వెళితే చాలు, "నాన్నా, గొట్టం చూశావా?" అని కేక వేసేది. ఆయన గట్టు మీద కూర్చుని గొట్టాన్నే చూస్తూ ఉండేవాడు. పైన నోరుంది. లోపల మట్టిలో చుట్టూ తూట్లున్నాయి. అందులోకి చూస్తూ ఉండమంది గానీ, చూస్తే మడి ఎలా తడుస్తుంది? చూడటానికే అయితే అన్ని తూట్లెందుకు? సలహాలమ్మ చెప్పిన మాటల్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి ఆయన ఒక అర్థానికొచ్చాడు. ఇది పొలం గొంతు. పైన పోస్తే లోపల తూట్లలోంచి మడంతా పాకుతుంది. పైన ఆరినా లోపల తడి ఉంటుందని ఆ పిల్ల అన్నది అందుకే. అంత చిన్న మాట తిన్నగా చెప్పొచ్చుగా, చదువుకున్నవాళ్ళకి అన్నీ మెలికలే అనుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి మోటారు నీళ్ళు పారే బోదెలోంచి బకెట్‌తో నీళ్ళు ముంచుకొచ్చి, గొట్టం నోట్లో జాగ్రత్తగా పోశాడు. నిండేదాకా పోశాడు. కాస్త కిందికి దిగితే మళ్ళీ పోశాడు. ముసలాడికి మందు తాగించినట్టు ఓపిగ్గా పోశాడు.

ఆయన ఇంటికి వచ్చేశాక కూతురు మడికి వెళ్ళి గొట్టంలోకి చూసింది. నిండా ఉంది. "అబ్బో, ఇంకా దిగనే లేదు," అనుకుని మడవ తీయకుండానే వెనక్కి వచ్చింది. ఆ పూట నీళ్ళు పక్క మడికి వెళ్ళాయి.

ఇలా రోజూ జరిగింది. తండ్రి ముందు వెళ్ళి పోసేవాడు, కూతురు తర్వాత వెళ్ళి చూసేది. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలియదు. ఒకే ఇంట్లో ఒకే కుండలోది తింటూ ఇద్దరూ ఆ కేకలు తప్ప పొలం గురించి మాట్లాడుకోవడం మానేసి అప్పటికే కొన్నాళ్ళైంది.

ఇంట్లో అడుగుల తీరు మారింది. ముందు వంపు దగ్గర గచ్చు తేలింది. పెద్దాయన గతుక్కుమని, మర్నాడు బకెట్లు రెట్టింపు చేశాడు. చిటికెన వేలు పోయింది. ఆ పక్క వేలు పోయింది. ఆయనకి బుర్ర తిరిగిపోయింది. గొట్టం నిండా నీళ్ళున్నాయి, కాళ్ళలో లేవు. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమాడుతూ ఉండాలి. కాళ్ళు ఇన్నేళ్ళలో ఎన్నడూ అబద్ధమాడలేదు. పోనీ గొట్టానిదే అబద్ధమా అంటే, అందులో నీళ్ళు తనే స్వయంగా పోస్తున్నాడాయె! ఏ వైపు నుంచి ఆలోచించినా మొదలుపెట్టిన చోటికే వచ్చేవాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద చేత్తో పట్టుకుని మర్చిపోయేవాడు.

"ఏంటయ్యా ఆ పరధ్యానం? ముద్దని నోట్లో పెట్టుకో, అది నిన్నేం అడగదు," అనేది ఆవిడ.

"నీ ఒంట్లో ఎలా ఉంది?"

"నా ఒంటికేం? రాయిలా ఉంది."

"నీరసంగా అనిపిస్తోందా?"

"నువ్విలా రోజుకి పదిసార్లు అడుగుతుంటే అనిపిస్తోంది."

అడుగులు పలచబడటం కూతురూ చూసింది. చూసి, "పైన ఆరుతోంది, లోపల నిండుగా ఉంది, అంతా పద్ధతి ప్రకారమే," అని సర్దుకుంది. మోటారాయన కూడా తొంగి చూసి, "ఈసారి వదిన కాళ్ళు పొదుపు నేర్చుకున్నాయి," అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడొక పొద్దున పెద్దాయన లేచి వంగి చూస్తే గచ్చు మీద ఏమీ లేదు.

ఒక్క చుక్క లేదు. గుమ్మం దగ్గర లేదు, పొయ్యి దగ్గర లేదు. ఆవిడ ఇంకా లేవలేదేమో అనుకుని మంచం దగ్గరికి పరిగెత్తాడు. మంచం ఖాళీ. అప్పుడు వెనక గదిలోంచి చప్పుడు వినిపించింది. టప్. టప్. టప్.

ఆవిడ గది మధ్యలో నిలబడి, చీర కాస్త పైకెత్తి పట్టుకుని, ఒక్కొక్క కాలే ఎత్తి నేల మీద కొడుతోంది.

"విన్నావా?" అంది. "చప్పుడొస్తోంది. నా అడుగుకి చప్పుడుందయ్యా!"

"పడుకో," అన్నాడాయన.

"ఎందుకూ?"

"కాళ్ళు ఆరిపోయాయి."

"అదే కదా నేనూ చెబుతున్నాను. చెయ్యి పెట్టి చూడు. ఒట్టి అట్టముక్కలా ఉంది."

"కరువేడు గుర్తు లేదా నీకు? మడమ ఆరుతుంటేనే మంచం పట్టావు. ఇప్పుడు మొత్తం ఆరింది. నీకేమన్నా అయితే?"

ఆవిడ ఎత్తిన కాలు కింద పెట్టింది. "అదా ఇన్నాళ్ళూ నువ్వు మోస్తున్నది?" అంది. "ఆ ఏడు నాకు రోగం రాలేదు. నువ్వు పొద్దస్తమానం ఆకాశం వంక చూస్తూ కూర్చుని నెలల తరబడి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకూ విసుగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. వానొచ్చాక నువ్వే, 'ఏమే, వాన,' అన్నావు. లేచాను."

ఇన్నేళ్ళు మడి నిండా నిలబెట్టిన నీళ్ళన్నీ ఒక్కసారి పెద్దాయన కళ్ళ ముందు తిరిగాయి. అంటే ఆ నీళ్ళు దేనికి పెట్టినట్టు?

ఆవిడ మాత్రం నిలవలేదు. కూతురి చెప్పులు తొడుక్కుని వీధి చివరి దాకా వెళ్ళొచ్చింది. అంతవరకూ ఆవిడ కాళ్ళకి చెప్పులు నిలిచేవి కావు, వారం తిరక్కుండానే కుళ్ళిపోయేవి. "కరుస్తున్నాయి," అని నవ్వుతూ వచ్చింది. పక్కింటికి వెళ్ళి వాళ్ళ తివాచీ మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచి వచ్చింది. వస్తూనే సంచిలో రెండు చీరలు కుక్కింది.

"ఎక్కడికి?"

"మా చెల్లి దగ్గరికి."

చెల్లెలిది బస్సులో ఒక గంట ప్రయాణం. ఆమె మొగుడు పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. ఇంటి నిండా జిగురు రాసిన కాగితాలు నేల మీద ఆరేసి ఉంటాయి, మనుషులు వాటి మధ్య సందుల్లో నడుస్తారు. పెళ్ళైన కొత్తలో ఈవిడ ఒక్కసారే అక్కడికి వెళ్ళింది. ఎవరిదో లెక్కల పుస్తకం కాగితాలు అరికాళ్ళకి అతుక్కుని, సగం పుస్తకం ఈవిడతో పాటు వంటగదిలోకి నడిచొచ్చింది. మరిది పల్లెత్తు మాట అనలేదు. చెల్లెలు రాత్రంతా కూర్చుని ఆ కాగితాలు మళ్ళీ చేత్తో రాయడం చూసి, ఈవిడ తెల్లారగానే బస్సెక్కేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. పురుళ్ళకి వెళ్ళలేదు, మరిది పోయినప్పుడు కూడా వెళ్ళలేదు. చెల్లెలే ఆ పని నడుపుకుంటూ వస్తోంది.

"పొలానికి నీళ్ళు పెడితే మళ్ళీ తడుస్తాయి," అన్నాడాయన.

"గొట్టం నిండా ఉందని మీ అమ్మాయి రోజూ నాతో చెబుతోంది. నీళ్ళు పెట్టడానికి ఇంకా టైముంది. ఈలోగా వచ్చేస్తాను. ఒక్కసారి దాని ఇంట్లో మధ్యలోంచి నడవాలని ఉందయ్యా. అంచుల వెంబడి కాదు, మధ్యలోంచి."

ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఆ పూట గొట్టానికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళొచ్చాడు గానీ, ఎందుకు పోస్తున్నాడో ఆయనకే తెలియలేదు. అలవాటై పోశాడు.

పొద్దెక్కాక కూతురు మడి దగ్గర్నుంచి పిలిచింది. అది మామూలు కేక కాదు. వెళ్ళేసరికి గట్టు దిగి మధ్యలో నిలబడి ఉంది. వరి ఆకులు చుట్టుకుపోయి సూదుల్లా ఉన్నాయి.

"నాన్నా, ఇది చూడు. నెర్రెలో నా చెయ్యి పడుతోంది. గొట్టంలో మాత్రం నిండా నీళ్ళున్నాయి. ఇదెలా కుదురుతుంది? నాకు పిచ్చెక్కుతోంది."

"నాకు ఎప్పుడో ఎక్కింది," అన్నాడాయన. "పొద్దున్నే అన్ని బకెట్లు పోశాను కదా, ఎటు పోతున్నాయో!"

కూతురు మెల్లగా తలెత్తింది. "ఏం పోశావు?"

"నీళ్ళు."

"ఎక్కడ?"

"దాని నోట్లో. రోజూ పోస్తూనే ఉన్నాను. పొలం గొంతు కదా అది. నువ్వు మడవ తీయనివ్వవు, మీ అమ్మ కాళ్ళు ఆరిపోతున్నాయి. గొంతులో పోస్తే అమ్మ కాళ్ళకి అందుతాయనుకున్నాను."

కూతురు గట్టు మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకి అర్థం కాలేదు. బహుశా ఆ పిల్లకీ అర్థం కాలేదు.

"అది గొంతు కాదు నాన్నా. కిటికీ. లోపల నీళ్ళెంత ఉన్నాయో చూసుకోవడానికి పెట్టింది. నువ్వు కిటికీలో నీళ్ళు పోశావు, నేను అవి చూసి ఇల్లంతా నిండుగా ఉందనుకున్నాను." అని ఒక దుబ్బు దగ్గరికి వెళ్ళి కాండం గిల్లి చీల్చి చూపించింది. లోపల తెల్లగా, పాలదారంలా, చిన్న కంకి. "పొట్టకొచ్చేసింది. ఇవాళే నీళ్ళు పెట్టాలి."

"రేపు పెడదాం."

"ఇవాళ మన వంతు. ఇవాళ దాటితే వంతు చివరి మడి దాకా వెళ్ళి రావాలి. అప్పటికి మనకి మిగిలేది గడ్డి."

"మీ అమ్మ ఇప్పుడు ఆ కాగితాల మధ్యలో ఉంటుందే."

ఆ సంగతి కూతురికి అప్పుడు తట్టింది. వెంటనే పిన్నికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. పిన్ని చేతులకి జిగురున్నప్పుడు ఫోన్ ముట్టుకోదు, చేతులకి జిగురు లేని వేళ ఎప్పుడో ఆమెకే తెలియదు.

మోటారు వైపు నుంచి కేక వచ్చింది. "అన్నా! బోదెలో నీళ్ళొస్తున్నాయి. నువ్వు తీస్తావా, పక్కవాళ్ళకి తిప్పెయ్యనా?"

పెద్దాయన నీళ్ళ వంక చూశాడు, పైరు వంక చూశాడు. ఏడాది తిండి ఆ ఆకుల్లో చుట్టుకుపోయి ఉంది. ఇన్నేళ్ళకి ఇల్లు కదిలిన మనిషి అక్కడ ఉంది. నీళ్ళు పెడితే ఆవిడ ఇంకోసారి ఆ ఇంటి నుంచి తలొంచుకుని వచ్చేస్తుంది. వస్తే ఇక ఈ జన్మకి గుమ్మం దాటదు. పెట్టకపోతే ఈ పిల్ల రెక్కల కష్టం, చివరి మళ్ళవాళ్ళ కోసం తనతో పడ్డ పోరు, అన్నీ తాలే. నీళ్ళు పెట్టడానికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించని మనిషి మడవ ముందు అలా నిలబడిపోయాడు.

కూతురు పార తీసింది. ఆయన దాన్ని లాక్కున్నాడు.

"నువ్వు తియ్యకు. మీ అమ్మ ఎవర్నన్నా తిట్టాలనుకుంటే నన్నే తిట్టాలి."

మడవ తెగింది. నీళ్ళు ముందు నెర్రెల్లోకి దూకాయి. మడంతా గుటకలు వేస్తున్నట్టు చప్పుడు. ఒక్కొక్క గుటకకీ ఆయనకి ఒక తడి అడుగు, దాని కింద ఒక కాగితం కనిపించాయి. నిండేదాకా గట్టు దిగకుండా కూర్చున్నాడు. నిండాక మడవ కట్టి, గట్టు మీద నుంచే ఇంటికి నడిచాడు.

కూతురు మోటారు దగ్గర ఆగిపోయింది. ఆయన గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆయన ఫోన్ కిటికీలో ఉంది. లేచి దాని దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. బోదె పక్కన బురద తొక్కాడేమో, కాళ్ళు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. తువ్వాలుతో వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకున్నాడు. మళ్ళీ ఫోన్ దాకా వెళ్ళొచ్చాడు.

పొద్దు వాలుతుండగా అది మోగింది.

"ఏమయ్యా, అన్నిసార్లు ఫోన్ చేశారట. నీళ్ళు పెట్టారా?"

"పెట్టాం."

"కొంచెమా?"

"లేదు. నిండా."

అటు నుంచి టప్, టప్ అని చప్పుడు వినిపించింది. మళ్ళీ ఆవిడ గొంతు.

"నా కాళ్ళు పొడిగానే ఉన్నాయే! ఇప్పుడు కూడా కాగితాల మీదే నిలబడ్డాను. ఒక్క చుక్క లేదు. మరి ఆ నీళ్ళు ఎటు పోయినట్టయ్యా?"

పెద్దాయన నేల వంక చూశాడు. మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా, పెద్ద పెద్ద పాదాలు. బొటనవేలు పక్కకి విరిగిన కుడి పాదం, అరిగిన మడమ. వేళ్ళూ వంపూ కలిసిపోయి, ఒక్కోటీ ఒక్కో మడుగు. ఆయన నిలబడ్డ చోట నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయి.

"ఎటు పోతాయి, పొలానికే పోయాయి," అన్నాడు.

"రేపు వచ్చేద్దామనుకున్నాను. ఇదేమో ఉండమని చంపేస్తోంది. దీనికీ ఒంట్లో ఓపిక తగ్గింది, కుట్టేటప్పుడు చెయ్యి వణుకుతోంది. నేను కాగితాలు ఆరేసి పెడితే తను కుడుతుందట. ఉండనా?"

"ఉండు."

"ఎన్నాళ్ళైనా?"

"ఉండమన్నాగా."

"నువ్వింత మంచిగా మాట్లాడుతున్నావేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"రాయిలా ఉంది," అని ఫోన్ పెట్టేశాడు.

కూతురు వచ్చి గుమ్మంలో ఆగింది. గచ్చు మీద అడుగుల్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తండ్రి మొహం చూసింది. వంగి, ఒక పాదం దగ్గర మోకాలి మీద కూర్చుంది.

"ఎడమ మడమ కాస్త పలచగా ఉంది నాన్నా. తూర్పు గట్టు వైపు సరిగ్గా ఎక్కలేదేమో. మళ్ళీ మన వంతుకి ఇంకాసేపు పెట్టమందామా?"

"నా కాళ్ళు చూసి నీళ్ళు పెడతావా? గొట్టం చూసి పెట్టు," అని కసిరాడాయన.

మంచినీళ్ళు తాగుదామని తొట్టి వైపు నడిచాడు. మూడో అడుగుకే తడి గచ్చు మీద కాలు సర్రున జారింది. తలుపు పట్టుకుని ఎలాగో ఆగాడు. అలాగే పట్టుకుని నిలబడి, ఊపిరి సర్దుకుంటూ, గుమ్మం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తొట్టి దాకా చూశాడు. చేతిలో వేడి గిన్నెతో, చంకలో పసిపిల్లతో, నెత్తిన గడ్డిమోపుతో ఇన్నేళ్ళూ ఆవిడ ఈ గచ్చు మీదే తిరిగింది. ఒక్కసారి కూడా జారిపడలేదు. ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తట్టింది.